వేయించిన కొర్రలు

డాక్టరమ్మ అడిగింది నా భార్యను. జవాబు చెప్పింది నేను.

"ఇంక బంద్ చేద్దాం మేడం. ఈ వయసుల ఆమెకు గా కష్టం ఎందుకు?" అన్నాను.

నా భార్య నా వైపు చూడలేదు. గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చుంది. అప్పటికి ఆమెకు డెబ్బై మూడు నడుస్తోంది. ఎడమ రొమ్ము తీసేసి పదేళ్ళు దాటింది. మిగిలిన కుడి వైపుకు ఏడాదికోసారి పట్నం దవాఖానలో మామోగ్రామ్ తీయించుకుంటోంది. ఆ పరీక్షను ఇక ముందు కూడా సాగించాలా, మానుకోవచ్చా అన్నదే ఆ రోజు మాట.

డాక్టరమ్మ నా జవాబును పక్కన పెట్టి, ఆమె వైపు కుర్చీ జరుపుకుంది.

"అమ్మా, ఇన్నేళ్ళూ ఏమీ కనబడలేదు, మంచి సంగతి. ఇంత వయసు వచ్చాక ఈ పరీక్ష అందరికీ ఒకేలా పనికిరాదు. ఇంకా చాలా ఏళ్ళు బాగా తిరగగలిగే మనిషికి లాభం ఉండవచ్చు. వేరే పెద్ద జబ్బు ఉన్న మనిషికి లాభం తక్కువ, హైరానా ఎక్కువ. ఒక్కోసారి ఏదో మచ్చ కనబడుతుంది. మళ్ళీ పిలుస్తాం, సూది పెట్టి చూస్తాం, చివరికి ఏమీ ఉండదు. ఒక్కోసారి నిజంగానే చిన్నది దొరుకుతుంది. అది మీ జన్మలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది కాకపోయినా, దొరికింది కాబట్టి వైద్యం చేస్తాం. మానుకున్నా నేను చేత్తో చూస్తూనే ఉంటాను, ఏ మార్పు కనబడినా మీరు వెంటనే రావాలి. సాగించినా తప్పు కాదు, మానినా తప్పు కాదు. మీ మనసులో ఏముందో చెప్పండి."

"జర సోంచాయించుకొని చెప్త బిడ్డా," అంది నా భార్య.

"సరే, వచ్చే నెల చెప్పండి. మీరే చెప్పండి," అంది డాక్టరమ్మ. చివరి మాట అన్నప్పుడు నన్ను చూసింది.

నేను బంద్ చేద్దామన్నది నా భార్య కష్టం చూసి కాదు. ఆ పరీక్ష రోజున ఆమె పక్కన ఉండే మరో మనిషిని చూసి. పదేళ్ళుగా ఆ మనిషిని ఓర్వలేక చస్తున్నాను. ఆ రోజు దవాఖాన గదిలో నాకు దొరికింది ఒక సందు మాత్రమే. పరీక్ష ఆగితే పట్నం ప్రయాణం ఆగుతుంది. ప్రయాణం ఆగితే ఆ మనిషి ఆగుతుంది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు ఆపరేషన్ అయింది. నేను నందికొండలో నీటిపారుదల శాఖలో పనిచేసి, రిటైరై రామన్నపేట దగ్గరి మా ఊరికి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. వార్డులో ఒక పొద్దున నర్సమ్మ వచ్చి, "ఇంటాయన కూడా ఉండండి, కట్టు ఎలా మార్చాలో చూసి నేర్చుకోండి," అంది. నా భార్య నన్ను చూసింది. నేను ఫ్లాస్కు తీసుకొని, చాయ్ తెస్తానని కిందికి దిగాను.

చాయ్ తేవడానికి అంతసేపు పట్టదు. నేను మూడో చాయ్ తాగుతూ దవాఖాన గేటు ముందు నిలబడ్డాను. తిరిగి పైకి వచ్చేసరికి పక్క మంచం మీది ఆమె, తన కట్టు ఇంకా పచ్చిగానే ఉండగా, నా భార్య మంచం మీద కూర్చొని గాజుగుడ్డ మడతపెట్టి అందిస్తోంది. నేను నేర్చుకోవలసింది ఆమె నేర్చుకుంది.

ఆమెది అచ్చంపేట అవతల అడవి అంచున ఒక పల్లె. గొర్రెలు పెంచే కుటుంబం. ఆమె పెనిమిటి మందతో తిరుగుతూ ఉంటాడు. ఆ మధ్యాహ్నమే నా ముందర ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"మా ఆయనకు మందల ఒక్క గొర్రె తప్పిపోతే పొద్దుగూకే లోపల తెలుస్తది, అన్నా. నాకు ఒకటి పోయిందని ఆయనకు ఎన్నడు తెలుస్తదో."

ఇద్దరూ కుట్లు లాగుతున్నా పొట్ట పట్టుకొని నవ్వారు. నా భార్య అలా నవ్వడం నేను నందికొండలో ఉన్నన్నాళ్ళూ చూడలేదు. నేనూ నవ్వబోయాను, మూతి వంకర పోయింది.

మా దిక్కు ఆడవాళ్ళు సోపతి కట్టుకుంటారు. ఒకరికొకరు రవిక గుడ్డ, పసుపు కుంకుమ ఇచ్చుకుంటారు. ఆ తరువాత పేరు పెట్టి పిలుచుకోరు, "సోపతీ" అనే పిలుచుకుంటారు. చిన్నతనంలో కట్టుకునేది అది. వీళ్ళు అరవై దాటాక, డిశ్చార్జి రోజున, దవాఖాన మంచాల మధ్య కట్టుకున్నారు. రవిక గుడ్డలు కొని తెచ్చింది నేనే. దేనికని అడగకుండా తెచ్చాను.

అప్పటి నుంచి ఏటా ఇద్దరూ ఒకే రోజుకు పరీక్ష తేదీ రాయించుకునేవాళ్ళు. ఆమె అచ్చంపేట నుంచి, నా భార్య రామన్నపేట నుంచి బస్సెక్కి దవాఖాన గేటు దగ్గర కలుసుకునేవాళ్ళు. పరీక్ష అయ్యాక వేపచెట్టు కింద సద్దులు విప్పేవాళ్ళు. ఆమె జొన్నరొట్టెలు, ఒట్టి తునకల కూర తెచ్చేది. మాంసం ఎండబెట్టి వండే ఆ కూరలో కొంత డబ్బాలో పెట్టి నాకూ పంపేది. నేను బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. డబ్బా మాత్రం ఖాళీ చేసేవాణ్ణి.

పరీక్షకు ముందు నెలంతా నా భార్యకు నిద్ర ఉండేది కాదు. "అప్పడాల మిషన్ల పెట్టి ఒత్తుతరు" అని నవ్వుతూ చెప్పేది గాని, రాత్రుళ్ళు అటూ ఇటూ దొర్లడం నాకు వినబడేది. వినబడేది అంటున్నాను, ఎందుకంటే ఆపరేషన్ తరువాత నా మంచం వరండాలోకి మారింది. ఆమెకు గాలి ఆడాలని నేనే మార్చుకున్నాను. అలాగని అందరికీ చెప్పాను.

ఓర్వలేనితనం మనిషిని ఎంత చిల్లర పనులకు దింపుతుందో నాకు తెలుసు. అచ్చంపేట ఆమె ఫోన్ వస్తే టీవీ సౌండు తగ్గించి చెవి ఇటు పెట్టేవాణ్ణి. నేను గదిలోకి పోతే నా భార్య గొంతు తగ్గేది. ఛార్జర్ దాచిపెట్టి, నా భార్య ఇల్లంతా వెతుకుతుంటే నేనూ వెతికాను. ఒక ఏడు సరిగ్గా పరీక్ష రోజు పొద్దున షుగర్ పడిపోయిందని మంచం ఎక్కాను. నా భార్య ప్రయాణం మానుకుని నా పక్కన కూర్చుంది. రోజంతా నాకు పండుగలా ఉంది. సాయంత్రం ఫోన్ వచ్చింది. అచ్చంపేట ఆమె కూడా పరీక్ష తీయించుకోకుండా తిరిగి పోయిందట. ఇద్దరూ వారం తరువాతకు మళ్ళీ రాయించుకున్నారు.

ఇక కొర్రల సంగతి.

ఆపరేషన్ అయిన నాలుగైదేళ్ళకు, మృగశిర కార్తెలో, నేను సందుగలో దుప్పటి కోసం వెతుకుతుంటే చీరల అడుగున ఒక గుడ్డ సంచీ దొరికింది. అరచేతిలో పట్టేంత. మెత్తటి తెల్లగుడ్డ, చుట్టూ సన్నటి కుట్టు. మూతి దగ్గర కుట్టు కాస్త ఊడితే లోపల కొర్రలు కనబడ్డాయి. మా అవ్వ విత్తనాలను అట్లాగే గుడ్డలో కట్టి దాచేది. నాకు షుగర్ వచ్చినప్పటి నుంచి డాక్టర్లు కొర్రన్నం తినమంటున్నారు. నా భార్య నా కోసం ఎక్కడి నుంచో విత్తనం సంపాదించి దాచిందనుకున్నాను. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆమెకు తెలియకుండా మొలిపించి చూపించాలని, ఆ సాయంత్రమే మా మెట్ట చెల్క గట్టున దున్నిన జాగాలో చల్లేశాను. ఖాళీ సంచీని మళ్ళీ చీరల కింద పెట్టాను.

మంచి వాన పడింది. గట్టు మీద గడ్డి మొలిచింది, కొర్ర మొలవలేదు. పదిహేను రోజులు చూసి, అన్నం తింటూ నోరు జారాను.

"నువ్వు దాచిన ఇత్తునం పుచ్చిపోయిందే. ఒక్కటి మొలవలే."

"ఏం ఇత్తునం?"

"గదే, సందుగల చీరల కింద. గుడ్డ సంచీల ఉండె, కొర్రలు."

ఆమె చేతిలోని గరిటె కింద పెట్టింది. అప్పటికి రెండు వారాలుగా కొంగు ఎడమ వైపుకు రెండు మడతలు వేసి కప్పుకుని తిరుగుతోంది. నేను గమనించాను, గాలికి అనుకున్నాను.

"నువ్వేనా తీసింది? ఎలుకలు కొట్టినయనుకున్న," అంది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కండ్ల నీళ్ళు తుడుచుకుంది. "నువ్వు చెల్కల చల్లింది ఇత్తునం గాదయ్యా. నా రొమ్ము."

అప్పుడు చెప్పింది. ఒక వైపు బరువు పోతే నడుం ఒక పక్కకు లాగుతుందట, భుజం నొస్తుందట, రవిక జారుతుందట. దుకాణాల్లో దొరికేది చెమటకు ఒరుసుకుంటుందట. అచ్చంపేట సోపతే గుడ్డ కుట్టి, కొర్రలు పోసి, ఈ చేతిలో ఆ చేతిలో తూచి, సరిపోయేదాకా పోసి తీసి ఆ సంచీ తయారు చేసిందట. పురుగు పట్టకుండా వేయించి పోస్తుందట. ఏటా పరీక్ష రోజున వేపచెట్టు కింద పాత కొర్రలు పావురాలకు వేసి, కొత్తవి పోసి కుడుతుందట. నా భార్య లోపల మిషన్ దగ్గర ఉన్నంతసేపూ బయట ఆ సంచీని ఒళ్ళో పట్టుకొని కూర్చునేది ఆమేనట.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు అడిగితే గద."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. నేను ఆ రోజు సిగ్గుపడవలసింది. నాకు మాత్రం మండింది. పెళ్ళయి నలభై ఏళ్ళ పైన అయిన భార్య ఒంటి బరువు, అడవి అంచున ఉన్న ఒక పరాయి మనిషి చేతికి తెలుసు, నా చేతికి తెలియదు. ఆ చేతికి ఆ పని ఎలా వచ్చిందో మాత్రం ఆలోచించలేదు. నేను గేటు ముందు మూడో చాయ్ తాగుతున్నప్పుడు వచ్చింది.

అప్పటి నుంచి అచ్చంపేట ఆమె ఫోన్ చేసినప్పుడల్లా, "అన్నకియ్యి" అని నన్ను పిలిపించేది.

"అన్నా, మొలకెత్తినయా?"

"లేదు చెల్లె."

"నీళ్ళు పెడుతున్నవా మరి?"

వెనక నుంచి ఆమె కోడళ్ళు నవ్వడం వినబడేది. నేనూ నవ్వి ఫోన్ ఇచ్చేసేవాణ్ణి. ఆ తరువాత పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు.

డాక్టరమ్మ గదిలో నేను నోరు జారిన ఏడు, పరీక్షకు ముందు డాక్టరమ్మకు చూపించుకునే రోజున నేనూ వస్తానని పట్టుబట్టి వెంట పోయాను. అచ్చంపేట ఆమె ఒంట్లో బాగాలేక ఆ నెల రాలేదు. ఆ ఒక్కసారైనా నేను పక్కన ఉండాలనుకున్నాను. ఉండి చేసింది ఆ పని.

తిరుగు బస్సులో నాకొక్కడికే టికెట్టు. ఆడవాళ్ళకు ఫ్రీ అయినప్పటి నుంచి కండక్టరు నా చేతికి టికెట్టు ఇచ్చేటప్పుడు నా భార్య నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. చౌటుప్పల్ దాటాక నేనే కదిలించాను.

"ఏమన్న మాట్లాడరాదు?"

"నువ్వు మాట్లాడినవు గద. ఇంక నాతోని ఏం పని?"

కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు వచ్చేదాకా ఇటు తిరగలేదు.

రెండు వారాలకు అచ్చంపేట నుంచి ఫోన్ వచ్చింది. టీవీలో వార్తలు వస్తుంటే సౌండు తగ్గించాను. ఆమెకు గుండె బలహీనపడిందట. నాలుగు అడుగులు వేస్తే ఆయాసమట. కాళ్ళకు నీరు దిగుతోందట. డాక్టరమ్మతో మాట్లాడి మామోగ్రామ్ మానుకుందట. "ఉన్న గుండెను కాపాడుకుంట సోపతీ. ఆ అప్పడాల మిషన్‌కు ఇంక సలాం," అనడం నాకు ఇటు దాకా వినబడింది. నా భార్య చాలాసేపు "ఊ" కొడుతూ ఉండిపోయింది.

నేను చెప్పులేసుకొని రామన్నపేట పోయి మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాను. ఎందుకు తెచ్చానో దారిలో నాకూ తెలియదు. పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాను.

"ఏంది, ఇయ్యాల బజ్జీలు?"

"ఊకనే. తినాలనిపించింది."

"షుగర్ మనిషివి. సోపతి వస్తలేదని పండుగ చేసుకుంటున్నవా?"

నా చేతిలోని బజ్జీ చేతిలోనే ఉంది. ఆమె పొట్లం దూరంగా జరపలేదు, తినలేదు. మామూలు గొంతుతోనే అంది.

"నేను పోత పరీక్షకు."

"ఆమెనే ఆపింది గద?"

"ఆమె ఆమె గుండె సూసుకొని ఆపింది. నాకు గుండె బాగున్నది, షుగర్ లేదు. మా అమ్మ తొంభై దాక చెల్కకు పోయింది. ముందు నెల నిద్ర పట్టదు, నిజమే. అయినా తెల్వకుంట కూసునుడు నాతోని గాదు. రెండేండ్లు సూత్త. నడుమల పానం బాగలేకుంటే అప్పుడే మానుకుంట. గిదే చెప్త డాక్టరమ్మకు."

ఇన్ని రోజులుగా ఆమె ఒక్కతే కూర్చొని ఇంత లెక్క వేసుకుందని నాకు తెలియదు. అయినా నా నోట వచ్చిన మాట వేరు.

"నన్ను ఒక్క మాట అడగకుంటనే?"

"అడిగితే ఏమంటవు? ఆమె వస్తదంటే వద్దంటవు. ఆమె రాదంటే సరేనంటవు. ఆమె సంగతే గని, నా సంగతి నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. కట్టు విప్పిన రోజు అడగలేదు, కొంగు మడత వేసుకొని తిరిగిన రోజులు అడగలేదు, డాక్టరు గదిలో అడగలేదు. ఆమె పక్కన నేను ఖాళీ చేసిన చోటులో ఎవరో కూర్చున్నారని పదేళ్ళు కుళ్ళుకున్నాను.

బజ్జీని తిరిగి పొట్లంలో పెట్టి, "నేను రానా మరి?" అన్నాను.

"వస్తే రా. కొర్రలు మాత్రం నువ్వే ఏంచాలె. ఆమెకు పొయ్యి ముందు నిలవడుడు అయితలేదు."

డాక్టరమ్మకు ఆ మాట తనే చెప్పి తేదీ రాయించుకుంది. పరీక్షకు రెండు రోజుల ముందు నేను మూకుడు పొయ్యి మీద పెట్టాను. ఫోన్ స్పీకర్లో అచ్చంపేట ఆమె. మాట మాటకూ ఆయాసపడుతోంది, అయినా ఆగదు.

"మంట తగ్గియ్యి అన్నా. ఊకె కలుపు. వాసన రాంగనే దించు."

"ఎసొంటి వాసన చెల్లె?"

"ఎన్నడన్న వంటింట్లకు వస్తే తెలుస్తుండె."

నా భార్య గడప మీద కూర్చొని, సంచీకి మూతి కుట్టు విప్పుతూ నవ్వుతోంది. వాసన వచ్చింది. అది ఆమె చెప్పిన వాసనా కాదా అని నేను ఆలోచిస్తుండగానే అడుగున కొన్ని నల్లబడ్డాయి.

"మాడగొట్టిండు సోపతీ," అంది నా భార్య ఫోన్‌లోకి.

"పోనీ తీ. మొలవకపోతే సాలు," అంది అటు నుంచి.

సంచీలో పోసి, కుడి చేతిలో ఒకసారి, ఎడమ చేతిలో ఒకసారి పెట్టి తూచమంది నా భార్య. ఎంత ఉండాలో నాకు తెలియదు. "ఇంకొంచెం," అంది. పోశాను. "జర తియ్యి," అంది. తీశాను. చివరికి తనే తీసుకొని, రవికలో పెట్టుకొని, నిటారుగా నిలబడి చూసుకుంది. నేను చాయ్ కోసం బయటికి పోలేదు.

రిపోర్టులో భయపడేదేమీ రాలేదు. అది తరువాతి సంగతి, ఇక్కడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ పొద్దున తలుపు బయట కూర్చున్నప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. అన్నేళ్ళలో నేను అక్కడ కూర్చోవడం అదే మొదలు. అంతకు ముందు ఈ వేళకు నేను ఇంట్లో పేపరు చదువుతూ, వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ ఉంటారనుకునేవాణ్ణి. ఆ బెంచీ మీద ఎవరూ నవ్వడం లేదు.

లోపలికి పిలిచినప్పుడు నా భార్య వెనక్కి తిరిగి, కొంగు చాటు నుంచి సంచీ తీసి నా చేతిలో పెట్టింది. ఫోన్ కూడా ఇచ్చింది. సంచీ వెచ్చగా ఉంది. కాస్త మాడిన వాసన వస్తోంది. పక్కన ఒకామె నా చేతిని చూసి, "పత్తెం సద్దా?" అని అడిగింది. కాదన్నాను. ఏమిటో చెప్పలేదు. ఇది పదేళ్ళు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న మనిషి ఏం ఆలోచించి ఉంటుందో అనుకున్నాను. తన పరీక్ష కూడా ఉండగా, నా భార్య కోసం ఎంత భయపడి ఉంటుందో అనుకున్నాను. అనుకుంటూనే, ఈ సంచీ ఇట్లా వెచ్చగా ఆమె చేతికి ఎన్నిసార్లు వచ్చిందో అని మళ్ళీ మండింది. అది పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది.

ఫోన్ మోగింది. అచ్చంపేట నుంచి. ఎత్తాను.

"లోపలికి పోయిందా అన్నా?"

"పోయింది."

"సంచీ పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"గట్టిగ పిసకకు. కుట్లు ఊడుతయి."

చూసుకుంటే నిజంగానే పిడికిలి బిగిసి ఉంది. వదులు చేశాను. మళ్ళీ చేస్తానని ఆమె పెట్టేసింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నా భార్య కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చి, సంచీ కోసం ఒక చేయి, ఫోన్ కోసం ఇంకో చేయి చాపింది.

"చేసిందా?" అని అడిగింది. ఎవరని నేను అడగవలసిన పని లేదు.

సంచీ వెంటనే ఇచ్చాను. ఫోన్ ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేశాను.

"నొప్పి అయిందా?" అని అడిగాను.

ఆమె చాపిన చేతిని వెనక్కి తీసుకోకుండానే నా పక్కన కూర్చుంది. "జరంత," అంది. అప్పుడు ఫోన్ ఇచ్చాను.